భీమిలిని పొద్దున్నే చూడాలి

భీమిలి గురించి ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. బీచ్ బాగుంటుందన్నారు. బీచ్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. వెలుగు రాకముందే లేచి, పడవలు ఆపుకునే వైపు నడవండి. సెల్ఫీలు తీసుకునేవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఊరు మాత్రం అప్పటికే పనిలో దిగిపోయి ఉంటుంది.

మాది కరీంనగర్. చేపంటే మాకు చెరువు చేపే: బొచ్చె, రవ్వ, చుట్టాలొస్తే కొర్రమట్ట. సముద్రమంటే సెలవుల్లో వెళ్ళి కాళ్ళు తడుపుకుని వచ్చే చోటు. విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీదుగా 900కే బస్సెక్కి పాతిక కిలోమీటర్లు వచ్చి, రాత్రికి ఆ ఊళ్ళోనే ఉండిపోయాను కాబట్టి ఆ తెల్లవారుజాము నా కంటపడింది.

అలివి వల లాగుతున్నారు. పేరు అక్కడే తెలిసింది. వలతాడు ఒక కొస ఒడ్డున ఉన్నవాళ్ళ చేతికిచ్చి పడవ లోపలికి వెళ్తుంది. వల వదులుకుంటూ అర్ధచంద్రంగా తిరిగి, దూరంగా మరోచోట ఒడ్డుకొచ్చి రెండో కొస అందిస్తుంది. ఇక రెండు జట్లు. వెనక్కి ఒరిగి, మడమలు ఇసుకలో తన్నిపెట్టి, కేకకో అడుగు చొప్పున లాగుతారు. చివరి మనిషి తాడు చుట్ట వేసి మళ్ళీ ముందుకొచ్చి పట్టుకుంటాడు. లాగేకొద్దీ రెండు జట్లూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఇందులో ముసలివాళ్ళున్నారు, బడి పిల్లలున్నారు. "పట్టమ్మా, ఊరికే సూత్తావేటి?" అన్నాడో తాత. పట్టాను. ఆ తాడు బరువు మాటల్లో చెప్పలేను. అవతల లాగుతున్నది చేపలు కాదు, సముద్రమే. ఒక అల వెనక్కి వెళ్ళినప్పుడు మా జట్టంతా రెండడుగులు ముందుకు జారింది, అందరూ ఒక్కసారిగా అరిచారు, నేనూ అరిచాను.

వల చివర సంచి ఒడ్డెక్కింది. నెత్తళ్ళు, కవళ్ళు, కొన్ని కానాగంతలు, నాలుగైదు పీతలు, ఒక చిన్న టేకు. వాటి మధ్య సావళ్ళు! పొడుగ్గా, బల్లపరుపుగా, పట్టుచీర జరీ అంచు కత్తిరించి ఇసుకలో పడేసినట్టు. ముట్టుకుంటే పొలుసు లేదు, ఆ వెండి రంగు వేళ్ళకి అంటుకుని వచ్చేసింది. చెయ్యి కడుక్కోబుద్ధి కాలేదు.

ఆ తర్వాత రాజ్యమంతా ఆడవాళ్ళదే. ఇసుకలో కుప్పలు పోసి పాట పెడతారు. పాటంటే గట్టిగా కేకలుంటాయనుకున్నాను. సగం బేరం కళ్ళతోనే అయిపోతోంది. ఒకామె కుప్ప మీద సముద్రపు నీళ్ళు చిలకరించి, పై వరుస చేపల మొప్పలు ఎత్తి ఎర్రదనం చూపించింది. కొనే ఆమె రెండో వరుసలోంచి ఒకటి లాగి, దాని మొప్ప ఎత్తి చూసింది. ఇద్దరూ ఏమీ అనుకోలేదు. పాట మరో యాభై పెరిగి ఆగింది. ఎవరి వాటా ఎంతో అక్కడికక్కడే లెక్క తేలిపోతుంది. బేసిన్లు నెత్తికెత్తుకుని కొందరు ఆటోల వైపు, కొందరు నడుచుకుంటూ వీధుల్లోకి. అరగంటలో ఒడ్డు ఖాళీ. చేపల ధర ఎక్కువని ఇంకెప్పుడూ అనను.

తాతగారు నా దోసిట్లో గుప్పెడు నెత్తళ్ళు పోశారు, తాడు పట్టినందుకు. నేను బస చేసినచోట వంటామె వాటిని తలలు తుంచి, పసుపూ కారం పట్టించి వేయించి పెట్టింది. ముల్లుతో సహా నమిలి తినేయడమే.

ఇక ఊరు. గోస్తని నది సముద్రంలో కలిసేది ఇక్కడే. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి వచ్చే ఏరు ఇదేనని తెలిసి ఒడ్డున చాలాసేపు నిలబడిపోయాను. ఇటు పక్క ఫైబర్ పడవలు వరసగా, వాటి నీడలో వలలు బాగుచేసేవాళ్ళు. చూపు ఎటో ఉంటుంది, మాట ఎవరితోనో ఉంటుంది, చెయ్యి మాత్రం తెగిన గడి దగ్గరే ఆగి ముడి వేస్తుంది. దగ్గర్లోనే డచ్చివాళ్ళ సమాధులు. పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికొచ్చి, 1825లో ఇంగ్లీషువాళ్ళకు ఊరప్పగించి వెళ్ళారు. వెళ్ళలేనివాళ్ళు ఆ రాళ్ళకింద ఉన్నారు. ఇంత చిన్న ఊరికి 1861లోనే మున్సిపాలిటీ వచ్చింది! ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో కలిపేశారు. నాకైతే ఆ పాత హోదా ఉంచితే బాగుండేదనిపించింది.

పావురాళ్ళకొండ ఎక్కడం మరవకండి. బౌద్ధ భిక్షువులు వాననీళ్ళు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు పైన ఉన్నాయి. సముద్రం ఎదురుగా పెట్టుకుని, తాగే నీటికోసం ఆకాశాన్ని నమ్ముకున్నారు! అక్కణ్ణుంచి చూస్తే నదీ సముద్రమూ ఊరూ ఒకే చూపులో పడతాయి. సాయంత్రం ఒడ్డున మురీ మిక్స్చర్ తినండి, నిమ్మకాయ ఎక్కువ పిండమని అడిగి మరీ. ఎర్రమట్టి దిబ్బలు దారిలోనే ఉన్నాయి. వాటికి విడిగా ఒక పూట కావాలి, హడావిడిగా చూసేవి కావు.

ఎండాకాలం వెళ్ళాలనుకుంటే ఒక సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట ఆపేస్తారు, ఒడ్డున సందడి తగ్గుతుంది. నేను దసరా దాటాక మా అమ్మను తీసుకెళ్తున్నాను. సముద్రపు చేప నీచు వాసనంటుంది తను. నెత్తళ్ళ వేపుడు ముందు ఆ మాట ఎంతసేపు నిలుస్తుందో చూస్తాను. ఈసారి గది కూడా ఒడ్డుకు దగ్గర్లోనే చూశాను, వల లాగే కేక వినపడేంత దగ్గరలో.