ఏకు

పోయిన శనివారం పెరట్లో పాత దుప్పటి పరిచి, ఒక గొర్రె ఒంటి మీది ఉన్ని అంతా దాని మీద విప్పాను. కత్తిరించినా చెదరకుండా చాపలా ఒక్కటిగానే వస్తుంది. మేముండేది ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర, ఒకప్పుడు ఉన్ని బట్టకు పెట్టింది పేరు. పక్కనే సాల్టెయిర్‌లో 1853లో తెరిచిన పెద్ద మిల్లులో ఇప్పుడు నేత లేదు, బొమ్మలూ పుస్తకాల కొట్టూ ఉన్నాయి. చేత్తో వడికేవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు. మా వీధి చివర ఒక పెద్దావిడ నాకు నేర్పుతోంది.

మాది శావల్యాపురం. మా పల్నాడు గొర్రెలకు ఉన్ని ఉండదు. మాచర్ల జాతైనా నెల్లూరు జాతైనా ఒంటి మీద పొట్టి వెంట్రుకే. అయినా మంద వెంట వచ్చే కాపరి భుజాన గొంగళి ఉండేది. తాతయ్య చేలో మంద కట్టించిన రాత్రి వాన పడితే, అతను దాన్ని కొప్పెర వేసుకుని గట్టు మీదే కూర్చునేవాడు. ఆ నల్లటి ఉన్ని ఎక్కడిదని నేనెప్పుడూ అడగలేదు. దక్కనీ గొర్రెది. అనంతపురం వైపు కురుబలు, తెలంగాణలో కురుమలు దాన్ని కత్తిరించి, ఏకి, వడికి, నూలుకు చింతగింజల గంజి పట్టించి నేసేవారు. ఇదంతా నేను ఇంత దూరం వచ్చాక తెలుసుకున్నాను.

ముందు పేడ అంటిన అంచులు, ముళ్లు, గడ్డిపరకలు ఏరెయ్యాలి. చేతులు జిడ్డు జిడ్డుగా అవుతాయి, అది గొర్రె ఒంటి మైనం. అది కరగాలంటే నీళ్లు బాగా వేడిగా ఉండాలి, సబ్బు పడాలి. కానీ ఉన్నిని కలియబెట్టకూడదు, పిండకూడదు. ఉన్ని వెంట్రుకకు చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. వేడినీళ్లలో రుద్దితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని ముద్ద కడతాయి. మొదటిసారి నేను బట్టలుతికినట్టు ఉతికాను. బంగారంలాంటి ఉన్ని అట్టలా బిగుసుకుపోయింది. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

ఆరాక వేళ్లతో విడదీసి, ఏకడం. రెండు చెక్క పలకలు, వాటి నిండా వంచిన సన్నని తీగ పళ్లు. ఒకదాని మీద ఉన్ని పరిచి రెండోదానితో దువ్వుతూ పోతే పోగులన్నీ విడివడి పొగమంచులా పరుచుకుంటాయి. దాన్ని పైకి తీసి చుడితే వేలెడు మెత్తని గొట్టం. ఊదితే ఎగిరిపోయేంత తేలిక.

ఏకు!

"ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు" అని ఎన్ని వందలసార్లు అని ఉంటానో. మేకు తెలుసు. ఏకంటే ఏమిటో నలభై ఏళ్లొచ్చాక, అదీ నా చేతిలో తయారయ్యాక తెలిసింది.

రాట్నానికి వచ్చిన పేరు ఏకడానికి రాలేదు, నాకది అన్యాయమనిపిస్తుంది. ఏకు బాగుంటే దారం దానంతటదే సాగుతుంది. ఉండలుంటే ఎంత నేర్పున్న చేతికైనా తెగుతుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని ఖద్దరు నాణ్యత మొదలయ్యేది ఆ చేప పళ్ల దగ్గరే. మా ఊరికి పరుపులు కుట్టడానికి వచ్చే దూదేకులాయన వింటినారి చప్పుడు వినబడితే పిల్లలమంతా పరిగెత్తేవాళ్లం. ఆ చప్పుడే గుర్తుంది, ఆయన చేతులెలా కదిలాయో గుర్తులేదు. చూసి ఉండాల్సింది.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి ఏకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని తెరకు దగ్గరగా వచ్చింది.

"ఇదేంటే, ఇంత లావు చుట్టావు? పుల్ల మీద చుట్టు."

"నీకెలా తెలుసమ్మా?"

"మా అమ్మ పత్తితో చుట్టేది. చుట్టి నా ఒళ్లో పడేసేది, నేను వరసగా పేర్చేదాన్ని. అమ్మ మెత్తగా దొర్లించేది, నొక్కేది కాదు."

డెబ్బై ఏళ్ల మా అమ్మ ఇన్నాళ్లూ ఈ సంగతి చెప్పలేదు. నేను అడగనూ లేదు. వంటింట్లోంచి ఒక పుల్ల తెచ్చాను. ఫోను గ్లాసుకు ఆనించి, పలక మీద మళ్లీ ఉన్ని పరిచాను.

"నొక్కకు" అంది అమ్మ, "దొర్లించు."