డబ్బా వెనక లాక్

పాలకుర్తి ఇంకా వరంగల్ జిల్లాలో ఉన్న రోజులు. 2006లో బస్టాండు దగ్గర ఒక మడిగెలో డీటీపీ చేసేవాణ్ని. మాఘమాసమంతా పెళ్లి పత్రికలు, నెలాఖరున శివరాత్రి వస్తే సోమేశ్వరస్వామి జాతర కరపత్రాలు. ఏడాది కిరాయి ఆ నెలలోనే తేలాలి.

అప్పట్లో డీటీపీ పనికి కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు ఊరికే వచ్చేవి కావు. పుణె మాడ్యులర్ ఇన్ఫోటెక్ వాళ్ల శ్రీలిపి, సీడాక్ వాళ్ల ఐఎస్ఎం లాంటివాటికి లాక్ ఉండేది. మొదట్లో దాన్ని ప్రింటర్ వైరు తగిలించే చోట పెట్టేవారు, తర్వాత యూఎస్‌బీ లాక్‌లు వచ్చాయి. అప్పు తెచ్చి కొన్న నా సాఫ్ట్‌వేర్‌కూ అలాంటిదే ఉండేది, బొటనవేలి కణుపంత ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్క. సీడీని ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు. లాక్‌లోని చిప్‌కు మాత్రం కాపీ తీయలేం. సాఫ్ట్‌వేర్ తెరవగానే, మధ్యమధ్యలో కూడా, చిప్‌ను ఒక ప్రశ్న అడుగుతుంది. చిప్ తనలో దాచుకున్న రహస్య సంఖ్యతో లెక్క కట్టి జవాబిస్తుంది. ఆ సంఖ్య ఎప్పుడూ బయటికి రాదు. జవాబు రాలేదా, పని బంద్.

శివరాత్రి ఐదు రోజులుందనగా పొద్దున ఊడుస్తూ బల్లను గోడకు జరిపాను. టక్కుమంది. కంప్యూటర్ డబ్బా వెనక లాక్ మూతి వంగి, లోపలి టంకం విడిపోయింది.

బమ్మెర ఊరి పెద్దాయన ఒకరు బిడ్డ పెళ్లి పత్రిక కోసం అప్పటికి మూడోసారి వచ్చాడు.

"ఏమైంది బిడ్డా, ఇయ్యాల ఇస్తనంటివి గదా?"

చెప్పాను.

"తాళంచెవి పోతే ఇంకోటి చేయించరాదా?"

"దీనికి ఇంకోటి చేయరాదు పెద్దయ్యా. చేయరాకుండనే తయారుచేసిండ్రు."

ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "లగ్గం దగ్గర పడ్డది" అని మాత్రం అన్నాడు.

విరిగిన లాక్ పంపితే మార్చి ఇస్తారు, పదిహేను రోజులు పడుతుందన్నాడు అమ్మినతను. హనుమకొండలో ఒకతను లాక్ అడగని క్రాక్ సీడీ నా చేతిలో పెట్టాడు. తీసుకోలేదు. ఒక్కో గుణింతం, ఒక్కో వత్తు కూర్చుని గీసినవాళ్ల కష్టం అది. నేను బతికేదీ ఆ అక్షరాల మీదే. కానీ డబ్బు కట్టినవాడి పని ఆగకుండా ఏదో ఒక దారి ఉంచాల్సింది. ఆ పదిహేను రోజులూ క్రాక్ సీడీల వాళ్ల పని నడిచింది, నాది ఆగింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

జనగామలో ఒక మిత్రుడు రాత్రి తొమ్మిది దాటాక తన సిస్టం ఇచ్చాడు. మూడు రాత్రులు కూర్చున్నాను. బమ్మెర పత్రికే మొదట చేశాను. జాతర కరపత్రాలు వేరేవాళ్లకు పోయాయి.

తర్వాత లాక్ అక్కర్లేని యూనికోడ్ నా దాకా వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన 'పోతన' ఫాంట్ దించుకున్న రోజు, వర్డ్ తెరిచి మొట్టమొదట 'బమ్మెర' అని కొట్టాను. కవి పోతన ఊరని మేం చెప్పుకునే ఆ ఊరు మా మండలంలోనే ఉంది. మ కింద మవత్తు చక్కగా కూర్చుంది. చూస్తూ ఉండగానే నా చేయి అలవాటుగా డబ్బా వెనక్కి పోయింది, లాక్ బిగువుగా ఉందా అని.