నల్లగీతల కింద మన మాటలు

అమెరికాలో 1960ల చివర, 70ల మొదట్లో నడిచిన స్త్రీ విముక్తి ఉద్యమం మీద ఎఫ్‌బీఐ ఒక ఫైలు తయారు చేసింది. వెయ్యికి పైగా పేజీలు. ఇవాళ అది ఎవరైనా చదువుకోవచ్చు. 1977లో లెటీ కాటిన్ పోగ్రెబిన్ మిజ్ పత్రికలో దాని గురించి రాశాకే, తమ మధ్యనే కూర్చుని ఎవరో అన్నీ రాసుకుపోయారన్న సంగతి చాలామంది ఆడవాళ్ళకి తెలిసింది. మీటింగుకి ఎంతమంది వచ్చారు, ఎవరు ఏ బట్టలు వేసుకున్నారు, కరపత్రంలో ఏముంది, అన్నీ ఉన్నాయి. ఒకచోట ఇన్ఫార్మర్ రాసినదాని సారాంశం ఇది: వచ్చిన ప్రతి స్త్రీ తానెందుకు వచ్చిందో, ఏ విధంగా అణచివేతకు గురవుతోందో చెప్పింది. అంతే. దేశభద్రతకి ముప్పు అంటే ఇదే కాబోలు! ఈ నిఘా అనవసరమని కింది ఆఫీసు ఒకటి సూచించినా డైరెక్టర్ హూవర్ ఒప్పుకోలేదు.

ఆ పేజీలు చదువుతుంటే మొదట నవ్వొచ్చింది. తర్వాత నల్లగీతల దగ్గర ఆగిపోయాను. పేర్ల మీద, కొన్నిచోట్ల పేరాలకి పేరాల మీద నల్లటి పట్టీ. పక్కన మార్జిన్లో చిన్న కోడ్. ఏ మినహాయింపు కింద దాచారో ఆ కోడ్ చెబుతుంది. దేశభద్రతకి ఒకటి, ఇతరుల వ్యక్తిగత గోప్యతకి ఒకటి, రహస్యంగా సమాచారం ఇచ్చిన మనిషిని కాపాడడానికి ఒకటి. మీటింగులో తన బాధ చెప్పుకున్న స్త్రీ పేరు మీద, ఆ బాధని మోసుకెళ్ళి పోలీసులకిచ్చిన స్త్రీ పేరు మీద పడిన సిరా ఒకటే. కోడ్ చూస్తే తప్ప ఎవరు ఎవరో తెలియదు.

ఈ మాత్రం కాగితాలైనా బయటికి రావడం వెనక ఆడవాళ్ళ పోరాటం ఉంది. దాన్ని మన క్లాసుల్లో ఎవరూ చెప్పరు. సమాచార స్వేచ్ఛ చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ 1966 జూలై 4న సంతకం చేశాడు. చట్టమైతే వచ్చింది కానీ ‘రహస్యం’ అనే ముద్ర పడితే దాన్ని ప్రశ్నించే దారి లేదు. 1971లో అలాస్కాలోని అమ్చిట్కా దీవి కింద భారీ అణుపరీక్షకి ఏర్పాట్లు జరుగుతున్నాయి. దానివల్ల ఏం ప్రమాదమో ప్రభుత్వంలోని వాళ్ళే రాసుకున్న నివేదికలు చూపించమని, హవాయి ప్రతినిధి పాట్సీ మింక్ మరో 32 మంది సభ్యులతో కలిసి కోర్టుకెళ్ళింది. అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి శ్వేతేతర మహిళ ఆమె. చదువుల్లో స్త్రీలకి సమానత్వం ఇచ్చిన 1972 చట్టం వెనక ఉన్నదీ ఆమే. నవంబరులో పరీక్ష జరిగిపోయింది. 1973లో సుప్రీంకోర్టు ఆమెకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది: ముద్ర వేసిన కాగితాన్ని, ఆ ముద్ర సరైనదో కాదో చూడడానికి జడ్జి కూడా తెరవకూడదట. ఆ ఓటమే 1974 సవరణలకి ఒక కారణమైంది. అధ్యక్షుడు ఫోర్డ్ వీటో చేసినా కాంగ్రెస్ లెక్కచేయలేదు. అప్పట్నించి జడ్జి తన గదిలో ఆ కాగితాలు తెప్పించుకుని చూడొచ్చు.

గూఢచారి సంస్థలు ఊరుకుంటాయా? కొత్త జవాబు కనిపెట్టాయి. సముద్రంలో మునిగిన సోవియట్ సబ్‌మెరీన్‌ని పైకి తీయడానికి సీఐఏ 1974లో గ్లోమార్ ఎక్స్‌ప్లోరర్ అనే ఓడని వాడింది. ఆ వార్త రాయొద్దని పత్రికలని బతిమాలింది. ఆ బతిమాలడానికి సంబంధించిన రికార్డులివ్వమని హారియెట్ ఫిలిప్పీ అనే జర్నలిస్టు అడిగింది. అటువంటి రికార్డులు ఉన్నాయనీ చెప్పం, లేవనీ చెప్పం అన్నారు. 1976లో అప్పీలు కోర్టు, ఉన్నదో లేదో కూడా ఎందుకు చెప్పలేరో వీలైనంత వివరంగా బహిరంగంగా చెప్పండి అంది. అంతేగానీ ఆ జవాబే చెల్లదని అనలేదు. ఇప్పుడు దానికి ఆ ఓడ పేరే స్థిరపడింది, గ్లోమార్ జవాబని. అడిగిన ఆడమనిషి పేరు లాయర్లకి మాత్రమే తెలుసు.

ఆలస్యం ఇంకో పద్ధతి. సీఐఏ తన అక్రమాల గురించి తానే రాసుకున్న ‘ఫ్యామిలీ జ్యూయల్స్’ అనే కాగితాల కట్టని నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవ్ అనే పరిశోధనా సంస్థ 1992లో అడిగితే 2007లో ఇచ్చారు. మొదటి ప్రపంచయుద్ధం నాటి అదృశ్య సిరా తయారీ కాగితాలని 2011 దాకా రహస్యంగానే ఉంచారు. ఒకే కాగితాన్ని ఇద్దరు అధికారులు వేర్వేరు సమయాల్లో చూస్తే ఒకరు దాచింది ఇంకొకరు వదిలేస్తారు. రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని చదివే పరిశోధకులున్నారు. ముగ్గుల పుస్తకం ముందేసుకుని చుక్కలు కలుపుకున్నట్టు.

ఇదంతా నాకెందుకంటే, మా పిన్ని కోసం.

1974లో హైదరాబాద్‌లో విద్యార్థినులు ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ వుమెన్ మొదలుపెట్టిన రోజుల్లో పిన్ని డిగ్రీ చదువుతోంది. కట్నాలకి, అశ్లీల పోస్టర్లకి వ్యతిరేకంగా వీధుల్లోకొచ్చిన అమ్మాయిల్లో తనూ ఒకతె. ఎమర్జెన్సీ రాగానే ఇంటికి పోలీసులొచ్చారు. మూడు రాత్రులు స్టేషన్లో ఉంచారు. ఏ రిజిస్టర్లోనూ రాయలేదంటుంది. ఇల్లు వెతికి ఎర్ర అట్ట నోటు పుస్తకం ఒకటి పట్టుకుపోయారు. వాళ్ళు మళ్ళీ వస్తారన్న భయంతో మా అమ్మమ్మ మిగిలిన ఉత్తరాలు, ఫోటోలు, కరపత్రాలు అన్నీ నీళ్ళ పొయ్యిలో వేసింది. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ ఆ వేణ్ణీళ్ళతోనే స్నానం చేశారట. పిన్ని ఆ మాట నవ్వుతూనే చెబుతుంది.

అంటే పిన్ని ఇరవయ్యేళ్ళ వయసుకి ఇవాళ కాగితం మీద సాక్ష్యం ఏదైనా ఉందీ అంటే, అది ఆమెని అనుమానించిన వాళ్ళ దగ్గరే ఉంది.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. సంతకం పిన్నిది, రాత నాది, పది రూపాయల పోస్టల్ ఆర్డర్. జవాబు ఒకే వాక్యం: సెక్షన్ 24 ప్రకారం మా సంస్థకి ఈ చట్టం వర్తించదు. ఫైలు ఉందో లేదో కూడా లేదు. 2005 చట్టంలో, ఇరవయ్యేళ్ళు దాటిన సంఘటనల సమాచారం కొన్ని మినహాయింపులు పోగా ఇవ్వాలనే నియమం ఉంది. కానీ 24వ సెక్షన్ ఇంటెలిజెన్స్ బ్యూరో, రా వంటి సంస్థలని చట్టం నుంచే బయట పెట్టింది. తమ నిఘా సంస్థలనీ అలాగే తప్పించే అధికారం రాష్ట్రాలకిచ్చింది. గడపే లేనప్పుడు ఇరవయ్యేళ్ళ తలుపు ఎక్కడ తడతాం? ఈ చట్టం కోసం 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నాలో కూర్చున్న రాజస్థాన్ కూలీ ఆడవాళ్ళు అడిగింది తమ మస్టర్ రోళ్ళు చూపించమని. తమ గురించి ఏం రాశారో చూసుకోవాలనే వాళ్ళూ అడిగారు. పిన్ని అడిగిందీ అదే.

ఒక స్నేహితురాలు నాతో గట్టిగా వాదించింది. పోలీసు రాసిందాంట్లో మన చరిత్ర వెతుక్కోవడమేమిటి, ‘మనకు తెలియని మన చరిత్ర’ ఫైళ్ళలోంచి వచ్చిందా, ఆడవాళ్ళ పక్కన కూర్చుని వింటే వచ్చింది కదా అని. నిజమే. స్త్రీశక్తి సంఘటన ఆ పుస్తకం తెచ్చినప్పుడు (1986) తెలంగాణ పోరాటంలోని స్త్రీలు ఇంకా బతికున్నారు, నోరు విప్పారు. పిన్ని తరంలో అప్పుడే చాలామంది లేరు. ఉన్నవాళ్ళలో కొందరు ఆ రోజుల సంగతి పిల్లలకి కూడా చెప్పలేదు. ఇన్ఫార్మర్ రాత అబద్ధాలతో, ఎద్దేవాతో నిండి ఉంటుందని నాకు తెలుసు. అయినా ఫలానా ఆదివారం ఫలానా ఇంట్లో పద్నాలుగు మంది ఆడపిల్లలు కూర్చున్నారన్న వాక్యం నాకు కావాలి. అది చదివి నమ్మాలో లేదో తేల్చుకునే పని మాకు వదిలెయ్యాలి.

పిన్నికి మాత్రం ఈ వాదనలేవీ పట్టవు. “వాళ్ళు నా గురించి ఏం రాసుకుంటే నాకెందుకే? రాసినదెవరో తెలిస్తే మాత్రం ఏం చేస్తాను, ఆమెకీ మోకాళ్ళ నొప్పులొచ్చుంటాయి,” అంటుంది. ఆమెకి కావలసింది నోటు పుస్తకం. అందులో పాటలతో పాటు, చందా రూపాయి చొప్పున ఇచ్చిన అమ్మాయిల పేర్లున్నాయి. వాటిలో పదకొండు చెప్పగలదు. బేనర్ కుట్టిన వరంగల్ అక్కాచెల్లెళ్ళ పేర్లు ఎంత తలుచుకున్నా రావడం లేదట.

24వ సెక్షన్లోనే ఒక చిన్న వెసులుబాటుంది. మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణకి సంబంధించిన సమాచారాన్ని, సమాచార కమిషన్ అనుమతితో, నలభై అయిదు రోజుల్లో ఇవ్వాలి. రికార్డుల్లో లేని మూడు రాత్రులు దాని కిందికి వస్తాయని మా లాయరు అంటోంది. రెండో దరఖాస్తు గత వారం రాశాం. లాయరు వద్దన్నా పిన్ని చివర్లో తన చేత్తో ఒక వాక్యం కలిపింది: “1975లో మా ఇంట్లోంచి తీసుకెళ్ళిన ఎర్ర అట్ట నోటు పుస్తకం వాపసు ఇవ్వగలరు. ప్రతి కాదు, అసలుదే.”