రై అంటే ఆవాలా?

సూట్‌కేసులో బట్టల మడతల మధ్య చుట్టి తెచ్చిన సీసా అది. అమెరికాలో ఇరవై డాలర్లకు అటూ ఇటూగా దొరికే రై విస్కీ. గొప్ప సరుకేం కాదు. కాకపోతే మూడేళ్ల కిందటే రావాల్సింది. ‘ఒక్కసారి మీ అమెరికా సారా తేరా, మా ఇప్పసారా ముందు నిలుస్తదో లేదో చూద్దాం’ అని నాన్న ఫోన్లో అడిగితే కొడుకు నవ్వేసి ఊరుకున్నాడు. ఇప్పుడు టేకులపల్లిలో ఆ నాన్న లేడు. ఆయన బావా అని పిలుచుకున్న కోయ పెద్దాయన మాత్రం ఉన్నాడు.

సీసా ఇంట్లో తెరవడం కుదరని పని. దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకినప్పుడు, నలుగురు ఆడవాళ్లతో కలిసి కుండలు పగలగొట్టిన మనిషి అమ్మ. మరిది సారాకే పోయాడు మరి. ప్రభుత్వం 1993 అక్టోబరు 1న సారాను నిషేధించింది కానీ, ఆ ఇంటి నిషేధం అంతకన్నా పాతది, గట్టిది కూడా. నాన్నకు ఎప్పుడన్నా ఓ గుక్క మీద మనసైతే బావ చేను గట్టున ఉన్న ఇప్పచెట్టు కిందికి వెళ్లాల్సిందే.

కొడుకూ అక్కడికే వెళ్లాడు. మార్చి నెలాఖరు. తెల్లవారుజామున రాలిన పూలను పెద్దాయన ఏరి ఎండబోస్తున్నాడు.

“ఏం సరుకు అల్లుడా?”

“రై మామా.”

“రై అంటే ఆవాలు కదా! ఆవాలతోటి సారా కాస్తరా?”

హిందీలో రై అంటే ఆవాలే, ఆయన తప్పేం లేదు. ఇది చలిదేశాల్లో పండే ధాన్యమనీ, గోధుమకు దగ్గరి చుట్టమనీ చెప్పాల్సి వచ్చింది. ముడిధాన్యంలో కనీసం 51 శాతం రై ఉండాలని, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిలవ ఉంచాలని అమెరికా చట్టం. రంగు ఆ కట్టె ఇచ్చిందే.

ఇప్పసారాకు పీపా లేదు. ఎండిన పూలను నీళ్లలో కొన్ని రోజులు నానేసి, పులిశాక కుండకెత్తి మంట పెడతారు. పైన చన్నీళ్ల గిన్నె. ఆవిరి చల్లబడి బొట్లుబొట్లుగా దిగుతుంది. పువ్వులోని తీపే చాలు, బెల్లం అక్కర్లేదు. ఇప్పసారా పేరు చెప్పి బెల్లం, పటిక వేసి కాచి అమ్మేది వేరే సరుకు. ఆ ఇంటి మరిదిని తీసుకుపోయింది అదే.

పండగకు కాచింది పెద్దాయన దగ్గర కొంచెం మిగిలి ఉంది. రెండు మోదుగాకు దొప్పలొచ్చాయి. రై పోయగానే ఆయన నోట పెట్టుకోలేదు. దొప్ప వంచి ముందు నేల మీద నాలుగు చుక్కలు వదిలాడు. పెద్దలకు పెట్టకుండా తాగరు వాళ్లు.

“మీ నాయన వాటా” అన్నాడు.

కొడుకు కాసేపు తల ఎత్తలేదు.

తర్వాత ఓ గుక్క. “మిరియాల కషాయం!” అని మొహం చిట్లించి, రెండో గుక్కకు కాస్త మెత్తబడ్డాడు. వెనక లవంగం ఘాటు ఉంది. ఇప్పసారా నీళ్లలా తెల్లగా ఉంటుంది కానీ, దొప్ప నోటి దాకా రాకముందే మగ్గిన పువ్వు వాసన కమ్మేస్తుంది. ఆ తర్వాత తీపి, చివర్న గొంతులో సెగ.

“మీది నాలిక మీద కొడ్తది, మాది ముక్కుల కొడ్తది” అని తీర్పు చెప్పాడు పెద్దాయన.

ఇంటికొచ్చేసరికి అమ్మ గడపలోనే నిలబడి ఉంది.

“మీ నాయన అడిగిన సీసానేనా?”

తలూపాడు.

“ఎట్లుందట?”

“మిరియాల కషాయం లెక్క ఉందన్నడు మామ.”

“దానికి అమెరికా దాకా పోవాల్నా!” అంటూ చెంబుతో నీళ్లందించింది. “నోరు కడుక్కొని రా లోపలికి.”