పచ్చిక పరిమళము

హైదరాబాదు సైబర్ టవర్స్ కార్యాలయముల చెంతను, ప్రాతఃకాలమున తోటమాలి యంత్రముతో పచ్చికను కత్తిరించుచుండగా, గాజుగోడల నడుమ గుప్పుమన్న ఆ పచ్చివాసన, కొడవలితో గడ్డి కోసిన మా పొలముగట్టునకు నన్ను క్షణములో కొనిపోయినది. ఆకు తెగినంతనే అందలి కొవ్వు ఆమ్లములు ఎంజైముల చేతను, ప్రాణవాయువు చేతను విచ్ఛిన్నములై ఆ గంధమును పుట్టించుననియు, అందలి ముఖ్యద్రవ్యములలో నొకటియగు సిస్-3-హెక్సెనాలును సుగంధశిల్పులు ‘ఆకు ఆల్కహాలు’ అని పిలిచి, సెంటులలో లేతదనమును స్ఫురింపజేయుటకు స్వల్పమాత్రమున వాడుదురనియు రసాయనశాస్త్రము చెప్పును. మనము తాజాదనమని మురియునది నిజమునకు తృణము యొక్క గాయము; ఆ గంధమే పొరుగు మొక్కలకు హెచ్చరికయై వానిని ఆత్మరక్షణకు సన్నద్ధము చేయగలదు. గాయమును సైతము పరిమళముగా మార్చి లోకమున కొసగు ఆ గడ్డిపరక యెదుట, కొలువునకు పరుగిడు మనము ఒక్క క్షణమాగి నమస్కరింపవలదా?