ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక ప్రాసెస్ బొమ్మ

హమద్ విమానాశ్రయంలో దోహా మెట్రో రెడ్ లైన్ ఎక్కితే నాలుగో స్టేషన్ అల్ దోహా అల్ జదీదా. అక్కడ దిగి, ఎండలో నడుచుకుంటూ ఫరీజ్ అబ్దుల్ అజీజ్ చేరాను. పాత దోహా పేట ఇది. కింద దుకాణాలు, పైన చిరుద్యోగుల అద్దె గదులు. కరక్ చాయ్ కొట్టు దగ్గర నిజామాబాద్ యాస వినబడితే ప్రాణం లేచొచ్చింది.

నాకు పని ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో. కొత్త కార్మికుడికి ఖతార్ ఐడీ (నివాస గుర్తింపు కార్డు) చేతికొచ్చేదాకా జరిగే పనులన్నిటినీ, పని నడకను బొమ్మగా చూపే బీపీఎంఎన్ పద్ధతిలో సాఫ్ట్‌వేర్‌లో గీయాలి. వాళ్ల పాత బొమ్మలో టాస్కులన్నీ ఒకే వరుసలో, గోడ పొడుగునా సాగాయి. దాన్ని చూసి ఎవరి పని ఎక్కడ ఆగిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగి కాగితాల పని చక్కబెట్టే ఉద్యోగిని ఇక్కడ మందూబ్ అంటారు. ఈ కంపెనీ మందూబ్‌ది జగిత్యాల వైపు. నేను లాప్‌టాప్ తెరిచేలోపే సంచీలోంచి జిరాక్సు కట్టలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్కో కట్టకు ఒక్కో రంగు రబ్బరు బ్యాండు.

“ఎర్రది మెడికల్‌కు పోవాల్సినోళ్లది సార్. పచ్చది వేలిముద్రలకు. ఏది ముందు దొరికితే అది ముందు చేయిస్త.”

కొన్ని పనులను ఒకే పెట్టెలో చేర్చే సబ్ ప్రాసెస్ ఎక్కడ పెట్టాలో ఆ కట్టలే చెప్పాయి. సాఫ్ట్‌వేర్‌లో పనులను ఒకచోట చేర్చడానికి రెండు దారులున్నాయి. చుక్కా గీతా కలిసిన గ్రూప్ చట్రం చూసేవాళ్ల సౌకర్యానికే. పని నడకను అది మార్చదు. సబ్ ప్రాసెస్ అలా కాదు. దానికి మామూలుగా సొంత మొదలు, సొంత ముగింపు ఉంటాయి; బయటి బాణం గోడ దాటి లోపలి టాస్కును తాకకూడదు. మూసేస్తే ప్లస్ గుర్తున్న ఒక్క పెట్టె మిగులుతుంది. వరుస ముఖ్యం కాని పనులకైతే అడ్‌హాక్ రకం ఉంది, గుర్తు టిల్డా (~). మెడికల్, వేలిముద్రలు అందులోకి వెళ్లాయి.

అయితే ఈ పెట్టె ఖతార్ వీసా సెంటర్ లేని దేశాల నుంచి వచ్చినవాళ్లకే. మన దేశంలో 2019లో ఈ సెంటర్లు తెరిచారు, హైదరాబాద్‌లోనూ ఒకటుంది. మెడికల్, వేలిముద్రలు, ఒప్పంద సంతకం విమానం ఎక్కకముందే అక్కడ పూర్తవుతాయి. దోహాలో విడివిడిగా తిరగాల్సిన పనులను ఒకే గడప లోపలికి చేర్చారు. కార్మికుడికి ఇది నిజమైన మేలు.

వీసా సెంటర్‌లో జరిగే ఆ మూడింటినీ ఒకే పెట్టెలో మూసేయమని కంపెనీ వాళ్లు అడిగారు. నేను ఒప్పుకోలేదు. మొదటి రెండూ కార్మికుడికి ఇతరులు చేసే పనులు. సంతకం అతని నిర్ణయం. పెట్టె మూస్తే ఆ నిర్ణయం కనబడకుండా పోతుంది. అందుకే సంతకాన్ని బయట విడి టాస్కుగా ఉంచి, పక్కన దారి చీలే గేట్‌వే పెట్టి, జీతం ముందు చెప్పినట్టు లేకపోతే వెనక్కి వెళ్లే బాణం గీశాను. మందూబ్ ఆ బాణం మీద వేలు పెట్టి, “గిది ఉండాలె సార్” అన్నాడు.

2021 మార్చి నుంచి ఖతార్‌లో కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. యజమాని తిండి పెట్టకపోతే మరో 300, వసతి ఇవ్వకపోతే 500 అదనం. ఖతార్‌కు బయల్దేరే తమ్ముళ్లూ, వీసా సెంటర్‌లో సంతకం పెట్టేముందు ఈ అంకెలు ఒప్పందంలో ఉన్నాయో లేదో చూసుకోండి.