తూము మూసే పని

కన్ను పొడిబారిన మనిషి నా దగ్గరకు పొడి కన్నుతో రాదు. కొంగుతో చెంపలు తుడుచుకుంటూ వస్తుంది. పరీక్ష చేసి "కన్నీళ్లు చాలడం లేదమ్మా" అంటే నా వైపు అనుమానంగా చూస్తుంది. "పొద్దుగాల నుంచి నీళ్లు ఆగుతలేవు డాక్టరమ్మా, ఎండిపోయిందంటవేంది?" అని అడుగుతుంది. చేవెళ్లలో ప్రాక్టీసు పెట్టినప్పటి నుంచి నేను ఎక్కువసార్లు జవాబు చెప్పిన ప్రశ్న ఇదే.

కంటిని తడిగా ఉంచే కన్నీరు వేరు, మంట పుట్టినప్పుడు పొంగే కన్నీరు వేరు. మొదటిది రోజంతా కొద్దికొద్దిగా ఊరుతుంది. నీరు, జిగురు, పైన పలచటి నూనె పొర కలిసి నల్లగుడ్డు మీద పరుచుకుంటాయి. ఆ పొర తగ్గినా, తొందరగా ఆవిరైపోయినా నల్లగుడ్డు మండుతుంది. ఆ మంటకు కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు కుమ్మరిస్తుంది. అవి నిలవవు. చెంప మీదికి జారిపోతాయి, కన్ను మళ్లీ ఎండుతుంది.

మా ప్రాంతంలో ఈ బాధకు కారణాలు వెతుక్కోనక్కర్లేదు. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి చుట్టూ పాలీహౌస్‌లలో జెర్బెరా, గులాబీ, కార్నేషన్ పెంచుతారు. ఆ పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. కోతకు వెళ్లే ఆడవాళ్లు ఆ ప్లాస్టిక్ కప్పు కింద ఉక్కలో, మందు పిచికారీ వాసనలో గంటలు గంటలు పని చేస్తారు. సాయంత్రం మొయినాబాద్‌లో కూర్చున్నప్పుడు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు వస్తారు. మామూలుగా మనిషి నిమిషానికి సుమారు పదిహేను సార్లు రెప్ప కొడతాడు. ఫోను మీద చూపు నిలిపితే అది బాగా పడిపోతుంది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు మొదలయ్యాక ఊళ్లలో అద్దాలు అందాయి, చూపు సంగతి చాలామందికి తెలిసొచ్చింది. అద్దాలు పెట్టుకున్నా మంట తగ్గలేదని వచ్చేవాళ్లు ఆ తర్వాత పెరిగారు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు తమ కేంద్రాలకు వచ్చిన 14 లక్షలకు పైగా కొత్త రోగుల రికార్డులు పరిశీలించి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో పొడి కన్ను నిర్ధారణ అయినవాళ్లు నూటికి ఒకటిన్నర మంది దాకా ఉన్నారు. నూటికి ఒకటిన్నరేగా అనిపిస్తుంది. లక్షల్లో లెక్కేస్తే అది ఇరవై వేల మంది.

వీళ్లందరికీ కన్నీరు బయటికి పోయే రంధ్రాన్ని మూసే ప్లగ్ పెట్టాలా? అక్కర్లేదు. ఎవరికి పెట్టకూడదో తెలుసుకోవడంలోనే ఈ పనిలోని నేర్పంతా ఉందని నా నమ్మకం. పాలీహౌస్ ఆడవాళ్లలో, కాలేజీ పిల్లల్లో నేను ఎక్కువగా చూసేది రెప్ప అంచుల్లోని నూనె గ్రంథులు మూసుకుపోవడం. వాళ్లకు వేడి కాపడం, రెప్పలు శుభ్రం చేసుకోవడం, చుక్కల మందు చాలు. ప్లగ్ గురించి నేను ఆలోచించేది కన్నీరు ఊరడమే తగ్గిపోయినవాళ్ల విషయంలో. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన ఒక పెద్దమ్మ వస్తే కంటికంటే ముందు నోటి సంగతి అడుగుతాను. "జొన్నరొట్టె నీళ్లు లేకుండ దిగుతదా?" అంటే, "ఎక్కడ దిగుతది బిడ్డా, ముద్దకో గుక్క తాగాలె" అంటుంది. నోరు, కన్ను రెండూ ఎండే ఈ జబ్బును స్వీడన్ కంటి డాక్టరు హెన్రిక్ షోగ్రెన్ 1933లో తన సిద్ధాంత గ్రంథంలో వివరించాడు. చేవెళ్ల నుంచి వికారాబాద్ దాకా రొట్టె తినే ఈ పల్లెల్లో ఏ ల్యాబు పరీక్షకన్నా ముందు ఆ రొట్టె ప్రశ్నే నాకు దారి చూపిస్తుంది.

తర్వాత కింది రెప్ప లోపల సన్నటి షిర్మర్ కాగితం పట్టీ పెట్టి అయిదు నిమిషాలు ఆగుతాం. తడి అయిదు మిల్లీమీటర్లు కూడా పాకకపోతే ఊట బాగా తగ్గినట్టే. ఆ పైన ముక్కు పక్కన, కంటి మూల దగ్గర వేలితో నొక్కి చూస్తాను. చీము గానీ జిగురు గానీ బయటికి వస్తే కన్నీటి సంచిలో ఇన్‌ఫెక్షన్ ఉందన్నమాట. మా వైపు నడివయసు ఆడవాళ్లలో ఇది తరచు కనిపిస్తుంది. అలాంటి కంటికి ప్లగ్ పెట్టను. ముందు ఆ సంచి సంగతి చూడాలి. ఈ నొక్కి చూడడం అర నిమిషం పని. ఎంత రద్దీ ఉన్నా దాన్ని వదలను.

కన్నీరు పోయే దారి చిన్నది. రెండు రెప్పల లోపలి మూలల్లో ఒక్కో రంధ్రం ఉంటుంది, వెడల్పు మిల్లీమీటరులో మూడో వంతు. అక్కడి నుంచి సన్నటి కాలువలో సంచికి, సంచి నుంచి ముక్కులోకి దిగుతుంది. చుక్కల మందు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగలడం అందుకే. పైగా కంట్లో ఒక సమయంలో ఉండే కన్నీరు ఏడు మైక్రోలీటర్లు మాత్రమే. సీసాలోంచి పడే ఒక్క చుక్క ముప్ఫై మైక్రోలీటర్లకు పైనే. కొనుక్కున్న మందులో చాలా భాగం చెంప మీదో గొంతులోనో పోతుంది. నెలనెలా సీసాలు కొనే కూలి మనిషికి ఈ లెక్క అర్థం కావాలి. అందుకే విడమరిచి చెబుతాను.

ఆ రంధ్రాన్ని మూసేస్తే ఉన్న కన్నీరు కంట్లోనే నిలుస్తుంది కదా అన్న ఆలోచన పాతదే. 1935లో బీథమ్ అనే అమెరికన్ డాక్టరు వేడితో కాల్చి రంధ్రాన్ని శాశ్వతంగా మూయడం గురించి రాశాడు. తీసేయడానికి వీలుండే సిలికోన్ ప్లగ్ గురించి ఫ్రీమన్ 1975లో రాశాడు. ఈ రోజుకూ మేం వాడే ప్లగ్‌లలో చాలా వాటిది ఆ ఆకారమే. ఒక చివర మొన, మధ్యలో సన్నటి నడుము, పైన చిన్న టోపీ, అంతా కలిపి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. దీన్ని ఒక రోగికి వివరిస్తుంటే పక్కన కూర్చున్న ఆమె భర్త, రైతు, "చెరువుకు తూము మూసినట్టన్న మాట" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. నాలుగు మాటలు మాత్రం కలిపాను: చెరువులో నీళ్లు పాడైపోయి ఉంటే తూము మూయడం వల్ల ఆ పాడు నీళ్లే నిలుస్తాయి. కంటిలో వాపు, ఎర్రదనం ఉన్నప్పుడు ప్లగ్ పెడితే జరిగేది అదే. ముందు సైక్లోస్పోరిన్ లాంటి చుక్కలతో వాపు తగ్గించాలి, ఆ తర్వాతే తూము.

పెట్టడం కష్టం కాదు. మత్తు చుక్క వేసి, స్లిట్ ల్యాంప్ ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి, రంధ్రం వెడల్పు కొలిచి, దానికి సరిపోయే సైజు ఎంచుకుంటాం. సైజు తగ్గితే ఊడిపోతుంది, పెరిగితే ఒరుసుకుంటుంది. మొదటిసారి చాలామందికి కొల్లాజెన్‌తో చేసినది పెడతాను. అది కొద్ది రోజుల్లో కరిగిపోతుంది. ఆ రోజుల్లో నీళ్లు చెంప మీద కారకుండా మంట తగ్గితే సిలికోన్‌ది పెట్టొచ్చని ధైర్యం వస్తుంది. ముందు కింది రంధ్రాలకే పెడతాను, పైవాటిని వదిలేస్తాను.

ప్లగ్‌తో బతకడం ఎలాగన్నది ఆ తర్వాత మొదలవుతుంది. నా ఓపిక ఎక్కువ ఖర్చయ్యేది ఇక్కడే. మొదటి రెండు మూడు రోజులు కంటి మూలలో ఏదో ఉన్నట్టు తోస్తుంది, వేలు దానంతటదే అక్కడికి పోతుంది. పోనివ్వొద్దని చెబుతాను. మొహం కడిగాక తువ్వాలుతో అద్దుకోవాలి, మూల వైపు రుద్దకూడదు. కాటుకను వేలితో మూల దాకా లాగే అలవాటున్నవాళ్లు, మొయినాబాద్‌లో సుర్మా పుల్ల తిప్పే పెద్దవాళ్లు మూల వదిలేసి పెట్టుకోవాలి. అసలు మానేస్తే ఇంకా మంచిది. మానెయ్యమంటే మానరు కాబట్టి మూల వదిలెయ్యమంటాను. చుక్కల మందు పూర్తిగా ఆగదు, వేసుకునే సార్లు తగ్గుతాయి. గొంతులో చేదు తగ్గిందా అని అడుగుతాను. తగ్గిందంటే ప్లగ్ తన పని చేస్తోందని ఒక గుర్తు.

ఎక్కువగా వచ్చే ఇబ్బంది ప్లగ్ ఊడిపోవడం. అంత చిన్న వస్తువు ఎప్పుడు పడిపోయిందో మనిషికి తెలియదు, మంట మళ్లీ మొదలయ్యాకే తెలుస్తుంది. కొందరికి నీళ్లు ఎక్కువై చెంప మీద కారుతాయి. అప్పుడు తీసేస్తాం, దానికీ కొద్ది క్షణాలే. అరుదుగా ప్లగ్ లోపలికి జారిపోతుంది, లేదా కాలువలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. మూల వాచి, ఎర్రబడి, నొప్పి పుడితే మా దగ్గరకు రావాలి. నేను లేకపోతే బస్సెక్కి మెహిదీపట్నం సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి వెళ్లాలి. అంతేగానీ మెడికల్ షాపులో ఏదో చుక్క అడిగి వేసుకుని ఊరుకోవద్దు. ఈ మాట ఇంటి మనిషి ఎదురుగానే చెబుతాను.

తిరిగి చూపించుకోవడానికి రాలేని మనిషికి సిలికోన్ ప్లగ్ పెట్టడం నాకు ఇష్టం ఉండదు. కూలి పోతుందని, తీసుకొచ్చేవాళ్లు లేరని రానివాళ్లు మా దగ్గర ఎక్కువ. అలాంటివాళ్లలో కన్ను మరీ ఎండిపోయినవాళ్లకు, ముఖ్యంగా మందు పడక ఒళ్లంతా పొక్కి స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ నుంచి బతికి బయటపడినవాళ్లకు, పాత పద్ధతే మేలనిపిస్తుంది. రంధ్రాన్ని కాల్చి మూసేస్తే ఖర్చు తక్కువ, ఊడిపోయేది లేదు, ఒక్కోసారి మళ్లీ తెరుచుకుంటుందంతే. కొత్త వస్తువు ఉండగా పాత పని ఎందుకని నా దగ్గర నేర్చుకుంటున్న పిల్లలు అడుగుతారు. ఆ మనిషి మళ్లీ ఎప్పుడు రాగలదో అడిగి రమ్మని పంపిస్తాను.

ఇప్పుడు అలాంటి ఒక అమ్మాయి ఉంది. మూర్ఛకు వాడిన మాత్ర పడక కళ్లు పాడయ్యాయి, వెలుతురు చూడలేదు. కొల్లాజెన్ ప్లగ్‌లతో ఆ కొద్ది రోజులు కళ్లు తెరిచి ఇంటి ముందు కూర్చోగలిగిందట. వచ్చేసారి ఆమె కింది రంధ్రాలు రెండూ కాల్చి మూస్తాను. పైవి ఇప్పటికి ముట్టుకోను.